బారెన్ ఐలాండ్ అగ్నిపర్వతం మీద అసలు ఎవరి కన్ను ఉంది?

దీవి_దాసు

మేముండేది పోర్ట్ బ్లెయిర్‌లో. పేరు శ్రీ విజయపురం అయింది గానీ ఆటోవాళ్ల నోటి నుంచి కూడా పాతదే వస్తోంది. తాతలది సిక్కోలు జిల్లా, చుట్టాలంతా అక్కడే. 2025 సెప్టెంబరులో బారెన్ ఐలాండ్ రెండుసార్లు రాజుకుంది కదా, నేవీ ఓడ మీంచి తీసిన ఆ వీడియో ఇప్పటికీ ఏదో ఒక గ్రూపులో "ఇప్పుడే అందిన వార్త" అని తిరుగుతూనే ఉంది. తిరిగినప్పుడల్లా మా మేనత్త ఫోను. "పర్వతం పేలిపోతందట, సామాన్లు సర్దుకుని వచ్చీండిరా" అని ఒకటే టెన్షన్.

ఆవిడకి ఏం చెప్పాలో నాకూ సరిగ్గా తెలియదు. దేశం మొత్తానికి ఒక్కగానొక్క చురుకైన అగ్నిపర్వతం మా ఊరికి ఈశాన్యంగా 135 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. మనుషులు లేరు, కరెంటు లేదు. మరి దాన్ని రోజూ చూసేది ఎవరు? అర్ధరాత్రి అది నిజంగా ఏదైనా చేస్తే మాకు చెప్పేది ఎవరు? టీవీ గ్రాఫిక్స్ కబుర్లు వద్దు, తెలిసినవాళ్లు చెప్పండి.

కాకినాడ_కాజా

ఆ దీవిలో మేకలున్నాయట కదా. అవి ఈదుకుంటూ మీ జెట్టీకి వచ్చిన రోజు బ్యాగు సర్దుకో.

భూకంపాల_బాబాయ్

దాసూ, సూటిగా చెబుతాను. ఆ దీవిలో కూర్చుని కాపలా కాసే మనిషి లేడు. చూసేది ఎక్కువగా పైనుంచే. రోజుకు కొన్నిసార్లు ఆ మీదుగా పోయే ఉపగ్రహాలు నేల మీద వేడిని కొలుస్తాయి. లావా బయటికొస్తే చుట్టూ ఉన్న సముద్రం కంటే ఆ ఒక్క చుక్క బాగా వేడిగా కనిపిస్తుంది, అలా పట్టుకుంటారు. ఇక బూడిద సంగతి. విమానాల కోసం ప్రపంచాన్ని తొమ్మిది కేంద్రాలు పంచుకున్నాయి. బారెన్ ఐలాండ్ మీద బూడిద లేస్తే నోటీసు ఇచ్చేది ఆస్ట్రేలియాలోని డార్విన్ కేంద్రం. బూడిద ఇంజన్‌లోకి పోతే ఆ వేడికి కరిగి లోపల గాజులా అతుక్కుపోతుంది, ఇంజన్ ఆగిపోతుంది, అందుకే ఆ గొడవంతా.

మబ్బు పట్టిందంటే మాత్రం ఆ ఉపగ్రహాలకు వేడి కనపడదు, అండమాన్‌లో ఎన్ని నెలలు మబ్బో నీకే బాగా తెలుసు. 2017 జనవరి 23న గోవాలోని జాతీయ సముద్ర పరిశోధన సంస్థ (ఎన్‌ఐఓ) వాళ్లు సింధు సంకల్ప్ అనే ఓడలో సముద్రం అడుగు నుంచి మట్టి నమూనాలు తీసుకుంటూ ఆ దగ్గర్లో ఉన్నారు. ఉన్నట్టుండి బూడిద ఎగజిమ్మడం వాళ్ల కళ్లబడింది. మైలు దూరం నుంచి చూస్తే ఐదు పది నిమిషాల చొప్పున వదులుతోంది, పగలు బూడిద, చీకటి పడ్డాక ఎర్రటి లావా. అంటే అది చూడాలని వెళ్లినవాళ్లు కాదు, వేరే పని మీద వెళ్తే దొరికింది.

రుషికొండ_రాణి

అంటే మన అగ్నిపర్వతం పొగ మనకు ఆస్ట్రేలియావాళ్లు చెప్పాలా? చంద్రుడి మీద దిగాం, ఇంటి వెనక నిప్పు చూసుకోలేమా?

భూకంపాల_బాబాయ్

రాణి గారూ, అందులో నామోషీ ఏముంది, పని పంచుకున్నారు. హిందూ మహాసముద్రంలో ఎక్కడ భూకంపం వచ్చినా చుట్టూ ఉన్న దేశాలకు సునామీ సమాచారం పంపే మూడు కేంద్రాల్లో ఒకటి మన హైదరాబాద్‌లోనే ఉంది, మిగతావి ఆస్ట్రేలియా, ఇండోనేసియా. వాళ్ల బూడిద కబురు మనకు, మన అలల కబురు వాళ్లకు.

ప్రగతినగర్_పక్కసందు

బాబాయ్ చెప్పిన ఆ హైదరాబాద్ కేంద్రం పేరు ఇన్‌కాయిస్, మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. సముద్రమే లేని ఊళ్లో సముద్రం ఆఫీసు ఎందుకని మా నాన్న చాలాకాలం అడిగేవారు. సముద్రం పక్కన కడితే మొదటి అలకే ఆఫీసు పోతుంది నాన్నా అని చెబితే ఊరుకున్నారు 😄

2004 సునామీ తర్వాత కట్టిన వ్యవస్థ అది, 2007 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. ఇరవై నాలుగు గంటలూ డ్యూటీ ఉంటుంది.

దీవి_దాసు

సునామీకి ఉందని తెలుసు. కానీ అది భూకంపానికి కదా? అగ్నిపర్వతం సంగతి?

అనకాపల్లి_బెల్లం

దాసు సరైన చోట వేలు పెట్టాడు. 2018 డిసెంబరు 22 గుర్తుందా? ఇండోనేసియాలో అనక్ క్రకటావ్. రాత్రిపూట కొండలో ఒక పక్క మొత్తం జారి సముద్రంలో పడింది. పెద్ద భూకంపం రాలేదు కాబట్టి భూకంపం లెక్క మీద నడిచే హెచ్చరిక మోగలేదు. బీచ్‌లో పాటకచేరీ జరుగుతుండగానే అల వచ్చి స్టేజీని ఎత్తుకుపోయింది. 400 మందికి పైగా పోయారు. మన దగ్గరా అదే కథ అయితే హైదరాబాద్‌లో ఎంత డ్యూటీ చేసి ఏం లాభం?

తీరం_తిరుపతిరావు

బెల్లం గారూ, జనాన్ని ఊరికే బెదరగొట్టకండి. క్రకటావ్ ఎక్కడ, ఇదెక్కడ. బారెన్ 354 మీటర్ల పిట్టగోడ, అడ్డంగా మూడు కిలోమీటర్లు ఉంటుందేమో.

అనకాపల్లి_బెల్లం

తిరుపతిరావు గారూ, కూలిపోకముందు అనక్ క్రకటావ్ ఎత్తు 338 మీటర్లు. మీ పిట్టగోడ దానికంటే 16 మీటర్లు ఎక్కువ. కూలాక మిగిలింది 110.

కాకినాడ_కాజా

తిరుపతిరావు గారు క్లీన్ బౌల్డ్

భూకంపాల_బాబాయ్

ఇద్దరూ సగం సగం చెబుతున్నారు. ఎత్తు ఒక్కటే చూస్తే బెల్లం మాట నిజం. పైగా పైకి కనపడేది 354 మీటర్లే గానీ ఆ కొండ సముద్రం అడుగున రెండు వేల మీటర్లకు పైగా లోతు నుంచి లేచింది, మనం చూసేది కొసన ఉన్న ముక్క. కానీ తేడాలు ఉన్నాయి. అనక్ క్రకటావ్ 1883 పేలుడుతో ఏర్పడిన గుంట అంచున, ఏటవాలు మీద పెరిగింది, దాని బరువు ఒక పక్కకే పడింది. బారెన్‌లో ఇప్పుడు మండుతున్న శంకువు పాత కొండ కూలగా మిగిలిన గుండ్రటి గోడ మధ్యలో ఉంది. ఆ గోడకు పడమర వైపు గండి ఉంది, లావా అటే సముద్రంలోకి పోతుంది. దూరం కూడా చూడాలి. జావా తీరం అక్కడికి యాభై కిలోమీటర్ల లెక్క, ఇక్కడ జనం ఉన్న దగ్గరి దీవులు హావ్‌లాక్ వైపువి, దాదాపు వంద. కొండచరియ జారితే పుట్టే అల భూకంపపు అలలా వేల కిలోమీటర్లు అదే బలంతో పోదు, దూరం పోయేకొద్దీ తొందరగా చచ్చుబడుతుంది.

అలాగని ఏమీ కాదని రాసివ్వను. గండి పడమరకు ఉంది, మీరూ పడమరకే ఉన్నారు. అందుకే ఆ దిక్కున నీటిమట్టం చూసే పరికరం ఉండాలన్నది నా మాట. 2018 తర్వాత ఇండోనేసియాలో అనక్ క్రకటావ్ ఉన్న జలసంధి ఒడ్డున చవక రకం నీటిమట్టం పరికరాలు పెట్టారు. భూకంపం వచ్చిందా లేదా అన్నది వాటికి అక్కర్లేదు, నీళ్లు లేచాయా లేదా అన్నదే చూస్తాయి.

హిలో_వదిన

హవాయి బిగ్ ఐలాండ్ నుంచి. మా ఆయన ఉద్యోగం వల్ల ఇక్కడికొచ్చి పడ్డాం. మా ఊరికి అటు కిలవేయ, ఇటు మౌన లోవా, రెండూ అగ్నిపర్వతాలే. ఇక్కడ అబ్జర్వేటరీ 1912లో పెట్టారు, వందేళ్లు దాటింది. కొండ ఉబ్బుతోందా కుంగుతోందా అని వంపు కొలిచే మీటర్లు, జీపీఎస్‌లు, గ్యాస్ కొలిచేవి, కెమెరాలు. పచ్చ, పసుపు, ఆరెంజ్, ఎరుపు అని రంగులు. 2024 డిసెంబరు 23 నుంచి కిలవేయ ఆగి ఆగి లావా ఫౌంటెన్లు ఎగజిమ్మింది, మేం పొయ్యి మీద పప్పు పెట్టి యూట్యూబ్ లైవ్‌లో చూసేవాళ్లం. ముందుగా కొండ మెల్లగా ఉబ్బుతుంది, లావా ఎగిసిపడగానే సర్రున దిగిపోతుంది. ఆ గ్రాఫు చూసి "ఇంకో రెండు మూడు రోజుల్లో రావచ్చు" అని అబ్జర్వేటరీవాళ్లు ముందే రాస్తారు.

కానీ పరికరాలున్నంత మాత్రాన నష్టం ఆగదు. 2018లో అదే కిలవేయ లావా ఏడువందలకు పైగా ఇళ్లను మింగింది. ముందే చెప్పారు కాబట్టి జనం బతికారు, ఇళ్లు మాత్రం పోయాయి. కొండ శిఖరం కుంగిపోతుంటే వచ్చిన ప్రకంపనలకు అబ్జర్వేటరీ బిల్డింగే దెబ్బతిని ఖాళీ చేయాల్సి వచ్చింది.

రుషికొండ_రాణి

వదిన గారూ, చూశారా, కొలిస్తే తెలుస్తుంది. మన దగ్గర ఒక్క వంపు మీటరు పెట్టడానికి ఏమొచ్చింది?

సిక్కోలు_పిల్లోడు

ఎవరూ లేని దీవికి మీటర్లు ఎందుకండీ? మా ఊళ్లో తుఫాను షెల్టర్ తలుపు ఊడిపోయి ఎన్నేళ్లయిందో. ఆ డబ్బు ఇటు పెట్టమనండి ముందు.

భూకంపాల_బాబాయ్

రాణి గారూ, పెట్టడం కంటే నిలబెట్టడం కష్టం. 1993లో అక్కడ ఒక లైట్‌హౌస్ పెట్టారు, తర్వాతి విస్ఫోటనాల్లో అది పోయింది. దిగడానికి జెట్టీ లేదు, సముద్రం కాస్త రేగినా పడవ ఆనదు. సోలార్ పలక మీద బూడిద పడితే బ్యాటరీ అయిపోతుంది. అంత తంటాలు పడి పెట్టిన పెట్టె ఆర్నెల్లకు మూగబోతే మళ్లీ ఎవరు వెళ్లాలి? అందుకే నన్నడిగితే దీవి మీద కాకుండా చుట్టుపక్కల జనం, పోలీసు ఉన్న దీవుల్లో భూకంప యంత్రాలు, గాలిలో మన చెవికి అందని మోత వినే పరికరాలు పెట్టడం మేలు. నార్కొండాం దీవిలో పోలీసు పోస్టు ఉంది, అదీ పాత అగ్నిపర్వతమే.

సంపత్_సాగర్

బారెన్ వేడికి సముద్రం కాగిపోయి అండమాన్‌లో పగడాలు చస్తున్నాయని ఒక వీడియోలో చూశా. నిజమేనా? గ్లోబల్ వార్మింగ్ కూడా అగ్నిపర్వతాల వల్లేనట కదా.

పగడపు_దిబ్బ

కాదు సంపత్ గారూ. నేను చదివింది మెరైన్ బయాలజీ, స్కూబా చేస్తాను, కాబట్టి ఇది నా పేటలోని విషయం. అంత సముద్రానికి ఆ చిన్న కొండ వేడి ఎంత! లావా సముద్రంలో పడిన చోట కొన్ని గజాల మేర పోతుంది, నిజమే. తర్వాత ఆ నల్ల రాయి మీదే పగడాలు మళ్లీ మొలుస్తాయి. ఇండోనేసియాలో బండా దీవుల దగ్గర 1988లో లావా పడిన చోట ఐదేళ్లు తిరిగేసరికి బల్ల లాంటి పగడాలు మీటరుకు దగ్గరగా పెరిగాయి. బారెన్ చుట్టూ నీళ్లు అద్దంలా ఉంటాయని డైవర్లందరూ చెబుతారు.

పగడాలు తెల్లబడిపోయేది ఏప్రిల్, మే నెలల్లో సముద్రం మొత్తం మీద ఉష్ణోగ్రత మామూలు కంటే ఒక డిగ్రీ పైన కొన్ని వారాలు ఆగిపోతే. అండమాన్‌లో 1998, 2010, 2016 పెద్ద దెబ్బలు. 2010 అయితే దారుణం, తెల్లబడనిది వెతుక్కోవాల్సి వచ్చిందని మా సీనియర్లు చెప్పేవారు. ఆ ఏళ్లకు పొంతన ఉన్నది ఎల్‌నినోతో, అంటే పసిఫిక్ సముద్రం కొన్నేళ్లకోసారి మామూలు కంటే వేడెక్కడంతో. ఉపగ్రహం కొలిచిన సముద్రపు వేడి చూసి పగడాలకు ముప్పు ఎక్కడుందో ఇన్‌కాయిస్సే ఒక బులెటిన్ ఇస్తుంది, సునామీ పేరు వల్ల అది ఎవరి కంటా పడదు.

కార్బన్ సంగతి, ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ కలిపి ఏడాదికి వదిలేదానికి మనుషులం వదిలేది వంద రెట్ల దాకా ఉంటుంది.

తీరం_తిరుపతిరావు

పెద్దవి పేలితే చల్లబడుతుంది కూడా. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినాటుబో పేలాక భూమి సగటు వేడి అర డిగ్రీ దాకా తగ్గింది, గంధకం పైకి పోయి ఎండను అడ్డుకుంది. నూట యాభై ఏళ్లకు పైగా నిద్రపోయిన బారెన్ లేచింది కూడా అదే 1991లోనే, కానీ దానివల్ల ఎక్కడా రవ్వంత కూడా చల్లబడలేదు. పిట్టగోడ అని నేనన్నది ఈ లెక్కలో.

అనకాపల్లి_బెల్లం

ఈ లెక్కలో ఒప్పుకుంటా. కానీ 2022 జనవరి 15న టోంగా దగ్గర పేలింది చూడండి, అది చల్లబరచడం మాట అటుంచి సముద్రపు నీళ్లను ఆవిరిగా స్ట్రాటోస్పియర్‌లోకి, అంటే మబ్బులకు పైనున్న గాలి పొరలోకి ఎక్కించింది, అక్కడున్న తేమ పది శాతం పెరిగింది. నీళ్లలో మునిగి ఉన్న కొండ కాబట్టి. అన్నీ పినాటుబోలు కావు.

హిలో_వదిన

కార్బన్ లెక్క ప్రపంచానికి వచ్చేది మా కొండ మీంచే! మౌన లోవా మీద 1958 నుంచి గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలుస్తున్నారు. అప్పుడు 315 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 315) దగ్గర్లో ఉండేది, ఇప్పుడు 420 దాటిపోయింది. అగ్నిపర్వతం మీద కూర్చుని కొలిస్తే ఆ గ్యాసే వస్తుంది కదా అని నేనూ అడిగాను. గాలి బిలం వైపు నుంచి వచ్చిన గంటల రీడింగులు తేడాగా కనిపిస్తాయి, వాటిని తీసేస్తారట. 2022 నవంబరులో మౌన లోవా పేలినప్పుడు లావా ఆ కొలిచే చోటికి పోయే రోడ్డును, కరెంటు లైనును తెంచేసింది, కొలత ఆగిపోయింది. పక్కనున్న మౌన కియా మీద కొత్తగా పెట్టి కొన్నాళ్లకు మళ్లీ మొదలుపెట్టారు.

దీవి_దాసు

పగడపు_దిబ్బ గారూ, మీరు సముద్రం అన్నారు కాబట్టి ఇంకో ప్రశ్న. మా సిప్పీఘాట్ వైపు 2004కు ముందు పొలాలు ఉండేవి, ఇప్పుడు ఉప్పు నీళ్లు, పక్షులు. బయటి నుంచి వచ్చినవాళ్లు ఫొటో తీసి "క్లైమేట్ చేంజ్‌కి మునిగిన ఊరు" అని పెడతారు. మావాళ్లేమో భూకంపానికి అంటారు.

పగడపు_దిబ్బ

మీవాళ్లదే నిజం. 2004 డిసెంబరు 26 భూకంపంలో దక్షిణ అండమాన్ ఒక మీటరు దగ్గర్లో కిందికి దిగింది. నేల దిగితే పోటు నీళ్లు లోపలికొచ్చి అక్కడే ఉండిపోయాయి. అదే రోజు ఉత్తర అండమాన్ పైకి లేచింది, డిగ్లీపూర్ వైపు పగడపు దిబ్బలు గాలిలోకొచ్చి ఎండిపోయి చచ్చిపోయాయి. నికోబార్ చివర ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది, లైట్‌హౌస్ మొదలు నీళ్లలో ఉంది. ఒకే భూకంపం, ఒక కొసన లేపింది, ఇంకో కొసన ముంచింది.

అందుకే మీ ఊళ్లో సముద్రమట్టం కొలవడం చాలా చిక్కు. నీటిమట్టం కొలిచే టైడ్ గేజ్‌ని జెట్టీకి బిగిస్తారు, జెట్టీ నేల మీద ఉంది, నేల స్థిరంగా లేదు. గేజ్ "నీళ్లు పెరిగాయి" అంటే నీళ్లు పెరిగాయో నేల దిగిందో దానికి తెలియదు. పక్కనే జీపీఎస్ పెట్టి నేల కదలిక తీసేయాలి, పైనుంచి ఉపగ్రహం కొలిచిన సముద్రపు ఎత్తుతో సరిచూడాలి. ప్రపంచ సగటున సముద్రం ఏడాదికి మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతోంది. మీ సిప్పీఘాట్ ఒక్క పొద్దున మీటరు. రెండూ నిజాలే, కానీ ఒకదాని ఫొటో పెట్టి ఇంకోదాని పేరు రాయకూడదు.

తీరం_తిరుపతిరావు

ఈ పోస్టు సేవ్ చేసుకున్నా. చిన్న చేర్పు, పోర్ట్ బ్లెయిర్ టైడ్ గేజ్ బ్రిటిష్‌వాళ్ల నాటిది. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర వచ్చిన భూకంపం అల దాని మీద రికార్డయింది. ఆ కాగితాలు చూసే ఇప్పటివాళ్లు ఆ భూకంపం ఎంతదో లెక్కగట్టారు. కొలిచి ఉంచితే ఎప్పుడు ఎవరికి పనికొస్తుందో చెప్పలేం.

రేడియో_రాంబాబు

అందరూ కొలవడం గురించే మాట్లాడుతున్నారు, చెప్పడం గురించి ఎవరూ అనట్లేదు. 2004లో అండమాన్‌కి ఫోన్లు పోయాక మాట చేరవేసింది ఎవరో తెలుసా? హామ్ రేడియో వాళ్లు, అంటే లైసెన్సు తీసుకుని సొంత రేడియో సెట్లతో మాట్లాడుకునే ఔత్సాహికులు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం అప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. వాళ్లు వెళ్లింది సరదా పని మీద, ఆ దీవుల నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటానికి. సునామీ రాగానే ఆ సెట్లతోనే సహాయ సమాచారం నడిపారు.

మా కోస్తాలో ఓ ఊళ్లో (పేరెందుకు) సైరన్ పెట్టారు. నేను వెళ్లినప్పుడు దాని కింద బ్యాటరీ లేదు. అడిగితే పెళ్లికి తీసుకెళ్లారు, తెస్తారు అన్నారు.

కాకినాడ_కాజా

పెళ్లికొడుకుని హెచ్చరించడానికేమో

హిలో_వదిన

నవ్వొచ్చింది గానీ ఇక్కడా అంతే రాంబాబు గారూ. 2023 ఆగస్టులో పక్క దీవి మావీలో లహైనా ఊరు తగలబడిపోయింది, వందమంది దాకా చనిపోయారు. ఆ దీవిలో సైరన్లు ఉన్నాయి. మోగించలేదు. సైరన్ అంటే సునామీ అనుకుని జనం కొండ వైపు, అంటే మంట వైపు పరుగెడతారని భయపడ్డామన్నారు. దాని మీద ఇప్పటికీ ఇక్కడ గొడవే.

సిక్కోలు_పిల్లోడు

అందుకే అంటున్నా, ఖాళీ దీవి మీద మీటరు కంటే ఊళ్లో సైరన్ బ్యాటరీ ముఖ్యం అని.

భూకంపాల_బాబాయ్

పిల్లోడా, నువ్వు ఆ దీవులను నీకు సంబంధం లేనట్టు మాట్లాడుతున్నావు. 2014 అక్టోబరు 12న విశాఖను చీల్చేసిన హుద్‌హుద్ ముందు ఎక్కడ తీరం దాటిందో తెలుసా? అక్టోబరు 8న అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్ దగ్గర. 2013లో లెహర్ కూడా అంతే, నవంబరు 25న పోర్ట్ బ్లెయిర్ దగ్గర దాటి, 28న మచిలీపట్నం చేరేసరికి బలం పోయి వాయుగుండం అయింది. అక్కడ గాలి ఎంత, పీడనం ఎంత పడిపోయిందో కొలిస్తే నీ సిక్కోలుకి మూడు నాలుగు రోజుల ముందు కబురు. సముద్రం ఏటేటా వేడెక్కుతోంది, తుఫానుకి అదే మేత. దారిలో కొలిచే చోట్లు ఎన్ని ఉంటే అంత మంచిది. దీవిలో పెట్టే పెట్టె అగ్నిపర్వతం ఒక్కదానికే అనుకోవద్దు.

సిక్కోలు_పిల్లోడు

తుఫాను విషయం సరే బాబాయ్, ఒప్పుకుంటా. షెల్టర్ తలుపు విషయం మాత్రం వదలను.

ప్రగతినగర్_పక్కసందు

సునామీ విషయంలో దాసుకి పనికొచ్చే ముక్క ఒకటి. భూకంపం రాగానే పది నిమిషాల అటూ ఇటూలో మొదటి బులెటిన్ వస్తుంది, అప్పటికి అల కొలిచి ఉండరు, భూకంపం ఎక్కడ, ఎంత, ఎంత లోతు అన్నదాని మీదే. ముందే లెక్కగట్టి పెట్టుకున్న నమూనాల్లోంచి దగ్గరగా ఉన్నది తీస్తారు. అల గంటలోపు చేరే ప్రాంతాలకు ఆ లెక్క మీదే నేరుగా హెచ్చరిక, ఆగి చూసే టైము ఉండదు కాబట్టి. అండమాన్, నికోబార్ ఎక్కువగా ఇందులోకే వస్తాయి. గంటకంటే దూరంలో ఉన్న చెన్నై, విశాఖ లాంటి చోట్లకు ముందు ఒక మెట్టు కింద పెట్టి, టైడ్ గేజ్‌లు, సముద్రం అడుగున ప్రెషర్ కొలిచే పరికరాలు అల నిజమే అని చెప్పాక పెంచుతారు, లేదంటే తీసేస్తారు.

అంటే మీకు ఉత్తుత్తి హెచ్చరికలు మాకంటే ఎక్కువ రావచ్చు. వచ్చినా పరుగెత్తండి. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 వచ్చింది, పలకలు పక్కకు జారాయి గానీ పైకి లేవలేదు, పెద్ద అల రాలేదు. ఆ రోజు పరుగెత్తినవాళ్లు తర్వాత తిట్టుకున్నారు. తిట్టుకోవడానికి మిగిలారు కదా.

దీవి_దాసు

ఇది మా అత్తకి చెప్పగలను. మరి ఆ ప్రెషర్ పరికరాలకు జతగా తేలే బోయాలను వేటకెళ్లేవాళ్లే పాడుచేస్తారంటారు, నిజమా?

రేడియో_రాంబాబు

నిజమే, అన్ని దేశాల్లోనూ ఉంది. బోయా కింద నీడకి చేపలు చేరతాయి, చేపల కోసం మరబోటు చేరుతుంది. తాడు కడతారు, వల చిక్కుకుంటుంది, చిక్కింది కోస్తారు. కొందరు సోలార్ పలక కూడా విప్పుకుపోతారు.

సిక్కోలు_పిల్లోడు

మా చిన్నాన్న వేటకెళ్తాడు. కావాలని చేయరు అందరూ. అది ఏమిటో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదంటాడు. సముద్రం మధ్యలో పసుపు డబ్బా తేలుతుంటే ఎవరిదనుకోవాలి? "ఇది కదిలితే మీ ఊరికే కబురు రాదు" అని జెట్టీలో తెలుగులో, తమిళంలో, బెంగాలీలో బోర్డు పెడితే సగం ఆగుతుంది. వేట బోట్లు అలల ఎత్తు, గాలి కబురు కోసం ఫోను చూసుకునే బయల్దేరతాయి, ఆ కబురు వచ్చేది ఏ డబ్బాల నుంచో వాళ్లకు తెలియదంతే.

రుషికొండ_రాణి

ఇది బాగుంది. ఒడిశాలో రెండు ఊళ్లకు 2020లో యునెస్కో "సునామీకి సిద్ధం" గుర్తింపు వచ్చింది. పటాలు గీసుకున్నారు, ఎటు పరుగెత్తాలో గుర్తులు పెట్టుకున్నారు, డ్రిల్ చేశారు. పెద్ద యంత్రాలేం లేవు. పక్క రాష్ట్రమే, మన తీరంలో చేయలేమా?

అనకాపల్లి_బెల్లం

చేయొచ్చు. కానీ దాసు ప్రశ్నకు జవాబు ఇంకా సగమే అయింది. భూకంపం వస్తే హైదరాబాద్, బూడిద వస్తే డార్విన్, వేడి చుక్క కనిపిస్తే ఉపగ్రహం. భూకంపం లేకుండా చరియ జారితే? దానికి ఎవరు బాధ్యులో ఒక్క పేరు చెప్పండి అంటే ఈ థ్రెడ్‌లో ఎవరూ చెప్పలేదు.

భూకంపాల_బాబాయ్

చెప్పలేదు, ఒప్పుకుంటాను. టైడ్ గేజ్‌లో అల కనిపిస్తే ఇన్‌కాయిస్‌కి తెలుస్తుంది, కానీ గేజ్ ఉన్న చోటికి అల వచ్చాక తెలిస్తే ఆ ఊరికి లాభం లేదు, దాని తర్వాతి ఊరికి లాభం. అందుకే గేజ్ మీ ఊళ్లో కాకుండా మీకూ దీవికీ మధ్యలో, తూర్పున ఉండాలంటున్నా. దాసూ, అప్పటిదాకా పాత సూత్రమే. నిలబడలేనంతగా ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, లోపలి నుంచి పెద్ద హోరు వినపడినా ఫోన్ కోసం చూడొద్దు, మెట్ట ఎక్కేయండి.

దీవి_దాసు

మా ఇల్లు జంగ్లీఘాట్‌లో, వెనకే ఎత్తు. ఆ వరకు పర్లేదు. అత్తకి ఫోన్ చేశా. "సర్లే, ఆ వీడియో పాతదైతే వచ్చేటప్పుడు ఎండు చేపలు తెండి" అంది.

సంపత్_సాగర్

వచ్చే సెలవులకి అండమాన్ వస్తున్నాం. బారెన్ ఐలాండ్ ఎక్కొచ్చా?

పగడపు_దిబ్బ

ఎక్కలేరు. అది అభయారణ్యం, అటవీశాఖ అనుమతి కావాలి, మామూలు టూరిస్టుకి దిగే వీలు లేదు. పడవ ట్రిప్ దొరికితే దూరం నుంచి చుట్టి రావచ్చు.

సంపత్_సాగర్

మరి బారాటాంగ్‌లో అగ్నిపర్వతం చూపిస్తామని ట్యాక్సీ అతను అంటున్నాడే?

దీవి_దాసు

అది మట్టి అగ్నిపర్వతం అన్నా. గ్యాస్‌తో బురద బుడగలు వస్తాయి, చల్లగా ఉంటుంది, అంతే. లావా అనుకుని వెళ్లి డ్రైవర్‌తో గొడవపడేవాళ్లు రోజూ ఉంటారు. దారి జార్వా అనే ఆదివాసీల అడవిలోంచి పోతుంది, కాన్వాయ్ టైముకే వదులుతారు, పొద్దున్నే జిర్కాటాంగ్ గేటు దగ్గర ఉండాలి. అడవిలో బండి ఆపకూడదు, ఫొటోలు తీయకూడదు.